సీమ అడవుల్లో మహాగని చుట్టం: సోమిద చెట్టు రెండు శతాబ్దాల చరిత్ర

నల్లమలలోనూ, కడప వైపు పాలకొండల్లోనూ రాతినేల మీద పెరిగే ఆకురాల్చు అడవుల్లో సోమిద అనే చెట్టు ఒకటుంది. కొన్నిచోట్ల సోమి అంటారు, కొన్నిచోట్ల చేవమాను అంటారు. వృక్షశాస్త్రం ప్రకారం అది వేప, మహాగని చేరే కుటుంబానికి చెందిందే. అందులోనూ వేపకన్నా మహాగనికే దగ్గరి చుట్టం. ఈమధ్య కర్నూలు, కడప ప్రాంతాల్లో కొందరు రైతులు ఎర్రచందనం, శ్రీగంధం, మలబారు వేపతో పాటు ఆఫ్రికన్ మహాగని మొక్కలు కూడా నాటుతున్నారు.

దూరదేశం నుంచి వచ్చిన ఆ చెట్టుకూ, ఇక్కడి సోమిదకూ పాత సంబంధం ఉంది. రెండూ 1790లలోనే ఐరోపా శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కాయి. రెంటినీ మొదట ఒకే ప్రజాతిలో చేర్చారు. 1830లో ఒకే శాస్త్రవేత్త ఒకే వ్యాసంలో రెంటినీ అందులోంచి విడదీశాడు. ఆ తర్వాత ఆఫ్రికా చెట్టు, దాని సోదర జాతులు ప్రపంచ కలప వ్యాపారంలో పెద్ద సరుకయ్యాయి. సోమిద మాత్రం అటవీ గ్రంథాల్లో కొన్ని వాక్యాలకే పరిమితమైంది. దాన్ని పరీక్షించిన వాళ్లెవరూ దాని గుణాన్ని తీసిపారేయలేదు. అయితే మరో చెట్టుకు బదులుగా పనికొస్తుందా లేదా అన్న కొలతతోనే చూశారు. బదులు వెతకాల్సిన అవసరం తీరగానే చెట్టునూ వదిలేశారు.

చెట్టు, చేవ

సోమిద నిటారుగా ఎదిగే పెద్ద చెట్టు. ముదురు మాను బెరడు మందంగా, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఆకులు జతలు జతలుగా ఉంటాయి, లేతాకు ఎరుపు తేలి ఉంటుంది. పూలు చిన్నవి, ఆకుపచ్చ కలిసిన తెలుపు. గుర్తుపట్టడానికి కాయను మించిన ఆనవాలు లేదు. ముదిరిన కాయ నల్లటి చెక్కలా గట్టిపడి, కొన దగ్గర మొదలై ఐదు పలకలుగా విచ్చుకుంటుంది. నడుమ ఐదు అంచుల కాడ ఒకటి నిలిచి ఉంటుంది. దాని చుట్టూ రెండు కొసలా పలచని రెక్కలున్న గింజలు పేర్చినట్టుంటాయి. గాలికి గింజలు ఎగిరిపోయాక కూడా ఆ చెక్కపువ్వు చాలాకాలం కొమ్మకే వేలాడుతుంది. అమెరికా మహాగని కాయ కట్టుబడి కూడా ఇదే, కాకపోతే అది మొదలు నుంచి విచ్చుతుంది, దాని గింజకు రెక్క ఒకవైపే. ఇంత దగ్గరి పోలికలుండబట్టే తొలి శాస్త్రవేత్తలు రెంటినీ ఒకే గూట్లో పెట్టారు.

లోపలి చేవ నలుపు కలిసిన ముదురు ఎరుపు. బాగా చేవదేరిన ముక్క నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. చెదలు అంత తేలిగ్గా ముట్టవు. ఇళ్లకూ, బావి పనులకూ, మడకలకూ ఈ కలప వాడేవారని పాత అటవీ గ్రంథాలు నమోదు చేశాయి. రాయలసీమలో ఇలాంటి కలప విలువ తెలియాలంటే ఇక్కడి మట్టిమిద్దెను గుర్తుచేసుకోవాలి. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన మందంగా మట్టి, అన్నిటికంటే పైన వాన నీరు ఇంకకుండా చవుడు. ఆ బరువంతా ఏళ్ల తరబడి మోయాల్సింది కొయ్యే. ఎండకాలం పగుళ్లకూ, వానకాలం చెమ్మకూ, ఏడాది పొడుగునా చెదలకూ తట్టుకోని కొయ్య అక్కడ పనికిరాదు. మోట బావి దగ్గర ఎద్దులు లాగే బరువు మోసే కొయ్యకూ అదే పరీక్ష. అందుకే ఈ ప్రాంతపు వడ్రంగికి కలప నునుపుకన్నా చేవే ముఖ్యం.

సామర్లకోట వైద్యుడి ప్రయోగం

సోమిదను బయటి ప్రపంచానికి చూపించినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1751లో స్కాట్లాండులో పుట్టి, 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్య సర్వీసులో చేరాడు. 1780లలో సామర్లకోటలో ఉంటూ అక్కడ తోట పెంచాడు, సర్కారు జిల్లాల మొక్కలను స్థానిక చిత్రకారుల చేత రంగుల్లో వేయించాడు. రాజమండ్రి సర్కారు కొండల్లో, సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన, ఆయనకు ఈ చెట్టు కనిపించింది. తెలుగువాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో అడిగి రాసుకున్నాడు. తమకు తెలిసిన కలపలన్నిటిలో ఇదే ఎక్కువకాలం నిలుస్తుందని ఇక్కడివాళ్లు భావిస్తారనీ, అందుకే గుడుల కొయ్యపనికి దీన్నే వాడతారనీ నమోదు చేశాడు.

అయితే వైద్యుడిగా రాక్స్‌బర్గ్ దృష్టి కలపకన్నా బెరడు మీద పడింది. కారణం జ్వరం. ఆ రోజుల్లో మన్యపు జ్వరాలకు ఐరోపా వైద్యుల దగ్గరున్న నమ్మకమైన మందు దక్షిణ అమెరికా సింకోనా బెరడు ఒక్కటే. అది స్పానిష్ సామ్రాజ్యపు కొండల నుంచి రావాలి. ధర ఎక్కువ, కల్తీ ఎక్కువ, యుద్ధం వస్తే సరఫరా ఆగిపోతుంది. కంపెనీ సైన్యాలు తిరిగే దేశంలోనే జ్వరానికి మందు దొరికితే అంతకంటే కావలసిందేముంది? సోమిద బెరడు చేదు, వగరు. రాక్స్‌బర్గ్ దాంతో ప్రయోగాలు చేసి, సింకోనాతో పోల్చి, దానికి బదులుగా వాడవచ్చని ప్రతిపాదిస్తూ రాసిన చిన్న పుస్తకం 1793లో లండన్‌లో అచ్చయింది. ఆ ఏడాదే ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. 1795లో మొదలైన ఆయన గొప్ప గ్రంథం ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మొదటి సంపుటంలో సోమిద రంగుల బొమ్మతో కనిపిస్తుంది. అందులో దాని పేరు స్వీటెనియా ఫెబ్రిఫ్యూగా, అంటే జ్వరం తగ్గించే మహాగని. అదే సంపుటంలో మన అడవుల బిల్లుడు చెట్టునూ స్వీటెనియాల్లోనే చేర్చాడు.

ఇందులో ఒక విశేషముంది. స్వీటెనియా అన్న పేరును జాక్విన్ 1760లో అమెరికా మహాగనికి పెట్టాడు. వియన్నాలో మహారాణి మరియా థెరెసా ఆస్థాన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ గౌరవార్థం పెట్టిన పేరది. అప్పటికి మహాగని కలప బ్రిటన్‌లో పెద్ద వ్యాపారం. అమెరికా వలసల నుంచి వచ్చే కలప మీద 1721లో సుంకం ఎత్తేశాక జమైకా మహాగని లండన్ బల్లలకూ, బీరువాలకూ ప్రవహించింది. శతాబ్దం చివరికి జమైకాలో మేలు మానులు తరిగిపోతున్నాయి. అలాంటి సమయంలో తెలుగు కొండల్లో మహాగని జాతి చెట్టుందన్న కబురు వెళ్లింది. దానితో పాటు వెళ్లింది మాత్రం కలప దుంగలు కాదు, బెరడు.

ఆ బెరడు ఎడిన్‌బరోకు చేరింది. 1794లో ఆండ్రూ డంకన్ జూనియర్ దాని మీదే వైద్యపట్టా సిద్ధాంత వ్యాసం రాశాడు. ఎడిన్‌బరో ఔషధ గ్రంథంలో సోమిద బెరడుకు చోటు దక్కింది. అయితే మోతాదు విషయంలో వైద్యులు జాగ్రత్తలు చెప్పుకుంటూ వచ్చారు. మద్రాసు వైద్యుడు వైట్‌లా ఐన్స్లీ 1826 నాటి ‘మెటీరియా ఇండికా’లో, రోజు మోతాదు మించితే రోగికి తల తిరగడం, మత్తు కమ్మడం కలుగుతాయని హెచ్చరించాడు. అప్పటికే అసలు దెబ్బ మరోవైపు నుంచి పడింది. 1820లో పారిస్‌లో పెల్టియే, కావెంతూ సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను వేరుచేశారు. ఇక వైద్యుడికి బెరడు పొడితో పనిలేదు, కొలిచి ఇవ్వగల తెల్లటి లవణం చేతికొచ్చింది. 1860లలో సింకోనా చెట్టే నీలగిరులకు దిగింది. 1868 నాటి ‘ఫార్మకోపియా ఆఫ్ ఇండియా’లో సోమిద పేరు ఇంకా ఉంది గానీ, అప్పటికి ఆ స్థానం మర్యాదకు ఇచ్చిందే.

1830, పారిస్

సోమిద తూర్పు కనుమల నుంచి లండన్ చేరిన కాలంలోనే సెనెగల్ నుంచి మరో చెట్టు పారిస్ చేరింది. దాన్నీ 1790లలో స్వీటెనియాల్లోనే చేర్చారు, స్వీటెనియా సెనెగాలెన్సిస్ అన్నారు. సెనెగల్, గాంబియా నదుల ప్రాంతం నుంచి తూర్పున సూడాన్, ఉగాండాల వరకు ఎండు పచ్చికబయళ్ల అంచున పెరిగే చెట్టది. అక్కడా జనం దాని చేదు బెరడును జ్వరానికి వాడేవారు. వేసవిలో గడ్డి ఎండిపోయాక పశువుల కాపరులు కొమ్మలు నరికి ఆవులకు మేపేవారు, ఇప్పటికీ మేపుతారు. కరువు నేలలో ఎదిగిన రెండు చెట్లూ, వేలమైళ్ల దూరంలో ఉన్న రెండు సమాజాలకు ఒకే రకంగా ఉపయోగపడ్డాయి.

1830లో ఆద్రియాన్ ద జుస్యూ ఈ కుటుంబం మొత్తాన్నీ తిరగేసి సమగ్రమైన వ్యాసం ప్రచురించాడు. కాయ విచ్చే తీరు, గింజ రెక్కలు, పూవులోని కేసరాల గొట్టం లాంటి వివరాలు పక్కపక్కన పెట్టి చూశాడు. సెనెగల్ చెట్టు మహాగని కాదని తేల్చి ఖాయా అనే కొత్త ప్రజాతి కట్టాడు. తెలుగు చెట్టూ మహాగని కాదని తేల్చి, రాక్స్‌బర్గ్ రాసుకున్న తెలుగు పేరునే తీసుకుని సోయ్‌మిడా అనే ప్రజాతి కట్టాడు. ఆ ప్రజాతిలో ఈనాటికీ ఉన్నది ఈ ఒక్క జాతే. బిల్లుడును అంతకు ముందే, 1824లో, ద కాండోల్ విడదీశాడు. అది ఈ కుటుంబానికే చెందదని, నిమ్మ, మారేడు కుటుంబానిదని తర్వాత స్థిరపడింది.

శాస్త్రం దృష్టిలో ఖాయా, సోమిద రెండూ ఒకే రోజు మహాగని హోదా కోల్పోయాయి. బజారు దృష్టిలో మాత్రం ఖాయా మహాగనిగానే కొనసాగింది. అమెరికా కలప కరువైనప్పుడు దాని రంగుకూ, పనితనానికీ దగ్గరగా ఉన్న సరుకు ఓడలకెక్కే చోట, పెద్ద మొత్తంలో దొరకడమే వ్యాపారులకు కావాలి. ఖాయా ఆ లెక్కకు సరిపోయింది, సోమిద సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో చూడాలంటే మళ్లీ సీమకు రావాలి.

రైలు, రిజర్వు, ఎర్రచందనం

కడప 1800లో నిజాం నుంచి కంపెనీకి దత్తమండలాల్లో భాగంగా వచ్చింది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి కంపెనీ ఆ సీమనూ కలుపుకుంది. ఈ రెండు చోట్లా తొలి దశాబ్దాల్లో పాలకుల దృష్టి భూమిశిస్తు మీదే. అడవిని కనిపెట్టి చూడడం 1856లో హ్యూ క్లెగ్‌హార్న్ మద్రాసు అటవీ కన్జర్వేటరు అయ్యాక మొదలైంది. అదే కాలంలో రైలు వచ్చింది. 1860లలో మద్రాసు రైల్వే వాయవ్య మార్గం కడప మీదుగా సాగింది. ఇంజనుకు కట్టెలు కావాలి, పట్టాల కింద స్లీపర్లు కావాలి. ఏ దేశీ కలప స్లీపరుగా ఎన్నాళ్లు నిలుస్తుందన్నది అప్పటి అటవీ నివేదికల్లో పదేపదే వచ్చే ప్రశ్న.

క్లెగ్‌హార్న్ తర్వాత వచ్చిన రిచర్డ్ బెడ్డోమ్ 1869లో మొదలుపెట్టిన ‘ఫ్లోరా సిల్వాటికా’లో సోమిదకు బొమ్మతో సహా చోటిచ్చాడు. జేమ్స్ సైక్స్ గాంబుల్ 1881లో అచ్చువేసిన ‘మాన్యువల్ ఆఫ్ ఇండియన్ టింబర్స్’లో దాని కలప బరువు, గట్టితనం, వాడకం నమోదయ్యాయి. ఇంత గుణమున్నా ఇది వ్యాపార కలప కాలేకపోయింది. నల్లమలలో టేకు ఉంది. టేకు తేలిక, రంపానికి లొంగుతుంది, దాన్ని నాటి పెంచే పద్ధతి నీలంబూరు తోటల్లో 1840లలోనే రూపుదిద్దుకుంది. సోమిద నెమ్మదిగా ఎదుగుతుంది. చిరుమాను, బిల్లుడు, మద్ది, ఏపి మానుల మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటుంది, గుంపుగా పెరగదు. ఒక్కో మానును వెతికి, నరికి, కొండ దించాలి. దించాక రంపం అరుగుతుంది. గుడి తలుపు చేసే వడ్రంగికి ఈ శ్రమ లెక్కలోకి రాదు. వేల సంఖ్యలో దుంగలు కావలసిన గుత్తేదారుకు అదే లెక్క.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం తర్వాత కర్నూలు, కడప కొండలు రిజర్వు అడవులుగా మారాయి. హక్కుల విచారణలు జరిగాయి. మేపుకూ, కట్టెకూ రుసుములు, అనుమతులు వచ్చాయి. నల్లమలలో చెంచులకు తాతల నాటి అడవి మీద ప్రభుత్వ నిబంధనలు దిగాయి. ఊరి వడ్రంగి సోమిద మానును ఎంచుకుని తెచ్చుకునే వీలు తగ్గింది. అలా చెట్టుకు వ్యాపారంలో చోటు రాలేదు, ఊళ్లో ఉన్న చోటూ తగ్గుతూ వచ్చింది. తర్వాతి తరంలో సిమెంటు, ఇనుప దూలం, కడప బండలు మట్టిమిద్దె స్థానాన్ని తీసుకున్నాక దాని అవసరమే పోయింది.

కడప కొండలకు బయటి ప్రపంచంలో పేరు తెచ్చిన కలప వేరే ఉంది, ఎర్రచందనం. కడప, చిత్తూరు, నెల్లూరు కొండలూ వాటి చుట్టుపక్కల తప్ప సహజంగా మరెక్కడా పెరగని చెట్టు. దాని చరిత్ర సోమిదకు సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. కంపెనీ కాలంలో అది ప్రధానంగా ఎర్రరంగు సరుకుగా ఐరోపాకు ఎగుమతి అయ్యేది. 1856లో పెర్కిన్ కృత్రిమ రంగు కనిపెట్టినప్పటి నుంచి కొయ్యరంగుల వ్యాపారం దిగజారింది. అక్కడితో ఆ చెట్టు కథ ముగియాల్సింది. కానీ చైనాలో సంపన్నుల సామానుకూ, జపాన్‌లో వాద్యాలకూ దాని కలపే కావాలి, మరో కలప పనికిరాదు. అందుకే గిరాకీ పెరిగి, అడవి కొల్లబోయి, 1995లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒడంబడిక సైటిస్ రెండో అనుబంధంలో చేరింది. బదులు లేని చెట్టు కావడం దానికి కీర్తి తెచ్చింది, గొడ్డలినీ తెచ్చింది.

ఖాయా నడిచిన దారి

పడమటి ఆఫ్రికాలో మహాగని ఎగుమతి పెద్దెత్తున సాగింది 19వ శతాబ్దం చివరి పాదంలో. గోల్డ్ కోస్ట్, ఐవరీ కోస్ట్, నైజీరియా వానకారడవుల్లో ఖాయా మానులను నరికి, గుంపులుగా మనుషులు తాళ్లతో లాగి వాగుల్లోకి దించి, సముద్రం దాకా తేల్చి, ఓడలకెక్కించేవారు. వాటికి లివర్‌పూల్ ప్రధాన బజారు. ఇలా వెళ్లింది ఎక్కువగా సెనెగల్ చెట్టు కాదు, దాని సోదర జాతి ఖాయా ఐవొరెన్సిస్. అది తేలిక, దుంగ నీళ్లలో తేలుతుంది, గులాబీ కలిసిన గోధుమ రంగు, చిత్రిక పట్టడం సులువు. ఎండునేల సెనెగల్ జాతి కలప దానికన్నా బరువు, గట్టిది. దాన్ని కలపకన్నా నీడ కోసమే ఎక్కువ దేశాలకు తీసుకెళ్లారు. ఫ్రెంచివాళ్లు హనోయ్ వీధుల వెంట నాటించారు. ఉత్తర ఆస్ట్రేలియాలో ఇప్పుడు దాన్ని కలప తోటలుగా పెంచుతున్నారు.

అమెరికా మహాగనులు భారతదేశానికి ముందే వచ్చాయి. చిన్నాకు మహాగని 1795లో జమైకా నుంచి కలకత్తా తోటకు చేరింది, పెద్దాకు మహాగని 1872లో. నేడు రైతుకు ‘మహాగని’ అని అమ్మే మొక్క పెద్దాకుదీ కావచ్చు, ఖాయాదీ కావచ్చు. రెంటికీ తేడా చిన్నది కాదు. పెద్దాకు మహాగని మెక్సికో దక్షిణం నుంచి అమెజాన్ అంచుల దాకా వానలు దండిగా పడే అడవుల చెట్టు. సెనెగల్ ఖాయా సొంతగడ్డ మీద ఏడాదికి 650 నుంచి 1,300 మిల్లీమీటర్ల వానలో పెరుగుతుంది. కడపలో సగటు వాన దాదాపు 700 మిల్లీమీటర్లు, కర్నూలులో అంతకు కాస్త తక్కువ. అంటే సీమ దాని హద్దులోపలే ఉంది, కానీ కింది అంచున ఉంది. పైగా సొంతగడ్డ మీద అది వాగుల పక్కన లోతైన నేలను వెతుక్కునే చెట్టు. బండ మీద జానెడు మట్టి ఉన్న చేను వేరు.

ఈ కుటుంబపు చెట్లను తోటగా నాటిన చోటల్లా ఎదురయ్యే పురుగు ఒకటుంది. హిప్సిపైలా రోబస్టా అనే రెక్కల పురుగు పిల్ల లేత తలకొమ్మను తొలిచేస్తుంది. తల చచ్చిన మొక్క పక్కకొమ్మలు వేసి గుబురవుతుంది. నిటారు దుంగ కావాలనుకున్న రైతుకు మిగిలేది వంకర మాను. అడవిలో చెట్లు చెదురుగా ఉంటాయి కాబట్టి దాని దెబ్బ అంతగా కనిపించదు, ఒకే జాతి వరుసల్లో తేలిగ్గా పాకుతుంది. ఇది ఆఫ్రికాలోనూ, ఆసియాలోనూ ఉన్న పురుగే. మన దేశంలో తూన్ చెట్టును పట్టి పీడిస్తున్నది ఇదే.

2014లో కేంద్రం జాతీయ వ్యవసాయ అటవీ విధానం తెచ్చింది. పొలంలో కలప చెట్టు పెంచడానికి ప్రోత్సాహం పెరిగింది. వేరుశనగ మీద ఆశ తగ్గిన రైతుకు ఇరవై ఏళ్ల తర్వాత చేతికొచ్చే మాను ఒక రకం పొదుపు. ఆ ఆశను తప్పుపట్టలేం. ఈలోగా ఆఫ్రికాలో కథ మరో మలుపు తిరిగింది. శతాబ్దంపైగా సాగిన నరుకుడు వల్ల 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటిస్ సమావేశం ఆఫ్రికా ఖాయాలను రెండో అనుబంధంలో చేర్చింది, అది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. మన చేలల్లో నాటినవి ఆ నియంత్రణలోకి రావు. సహజ అడవుల సరుకు తగ్గితే తోటల కలపకు గిరాకీ వస్తుందన్న మాటకు అది ఆధారమూ అవుతుంది.

తేలిన లెక్క

సోమిద పేరు ఆ అంతర్జాతీయ జాబితాల్లో లేదు. ఎగుమతి వ్యాపారం ఎన్నడూ దాన్ని అడగలేదు గనుక ఆ రకం ముప్పు దానికి రాలేదు. అదే కారణంగా నాటేవాళ్లూ లేరు. ఖాయా మొక్కకు నర్సరీ ఉంది, ఎంత దూరంలో నాటాలో చెప్పే కాగితం ఉంది, కొంటామనే ఏజెంటు ఉన్నాడు. సోమిదకు ఇవేవీ లేవు. దాని గురించి ఉన్న జ్ఞానమంతా రెండు చోట్ల మిగిలింది. ఒకటి 1793 నుంచి వచ్చిన పుస్తకాలు, రెండోది నల్లమల ఊళ్లలోని పెద్దల జ్ఞాపకం.

ఈ చరిత్ర నుంచి ఖాయాను నాటొద్దన్న తీర్పు రాదు. దాని సొంతగడ్డ సీమలాంటి ఎండునేలే, నీరూ లోతూ ఉన్నచోట అది బతకగలదు. సోమిదను వరుసల తోటగా పెంచాలన్న సలహా కూడా రాదు. నెమ్మదిగా పెరిగే చెట్టు కోసం అప్పు మోసే రైతును ఆగమనడం న్యాయం కాదు. వచ్చే తీర్పు ఒకటే. జ్వరం మందుగా సింకోనాతో, కలపగా టేకుతో, పేరుగా మహాగనితో పోల్చి చూసిన రెండు శతాబ్దాల్లో సోమిదను దాని సొంత పనితో కొలిచినవాళ్లు గుడి తలుపు చెక్కిన వడ్రంగులే. రాతినేలలో, 700 మిల్లీమీటర్ల వానలో, ఎవరూ నీళ్లు పెట్టకుండా, చెదలకు చిక్కని చేవ పెంచుకోవడం ఆ చెట్టు పని. ఆ పని అవసరమైన చోట్లు సీమలో ఇంకా ఉన్నాయి. సాగుకు రాని గుట్టవాలులు, చెరువు గట్లు, గుడి మాన్యాలు, అటవీశాఖ తిరిగి పచ్చదనం తేవాలనుకుంటున్న బోడికొండలు అలాంటివే. అక్కడ నాటడానికి వేసవిలో కాయలు విచ్చక ముందే గింజ సేకరించే చిన్న ఏర్పాటు చాలు. దానికి ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే ధరతో పనిలేదు.